మండువా థీమంట, మండువా!

ఇవాళ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ గుంటూరులో కొత్తగా తెరిచిన ఓ హోటల్లో భోజనం. పేరు చెప్పను, చెబితే మీరూ వెళ్తారు. లోపల 'మండువా థీమ్' అంట. నాలుగు స్తంభాలు, మధ్యలో గుంట, గుంటలో ప్లాస్టిక్ తామరపూలు, నెత్తిన ఏసీ. స్తంభాన్ని వేలితో కొట్టి చూశా. డబ్బా మోత! ప్లైవుడ్డు చుట్టి టేకు రంగు స్టిక్కరేశారు, మూల దగ్గర లేచిపోతోంది కూడా. "హెరిటేజ్ ఫీల్ సార్" అన్నాడు సర్వర్ కుర్రాడు. వాణ్ణేమంటాం.

బాబూ, మండువా అంటే ఇంటి నడిమధ్య ఆకాశం కనబడాలి. ఆకాశం లేకపోతే దాన్ని హాలంటారు. నాలుగు వైపులా పెంకు వాలు లోపలికి దిగాలి, వానొస్తే నాలుగు చూర్ల నీళ్ళూ మధ్యలో పడి తూములోంచి బయటికి పోవాలి. ఆ చూర్ల బరువు మోసేవి స్తంభాలు. వాటిని నేలలో పాతరు, తడెక్కి పుచ్చిపోకుండా రాతి దిమ్మ మీద నిలబెడతారు. పైన దూలం, దూలం మీద వాసాలు, ఆపైన పెంకు. స్తంభానికీ దూలానికీ మేకు కొట్టరు. ఒకదానికి కుసి, అంటే సన్నగా చెక్కిన మొన, ఇంకోదానికి అది దూరే బెజ్జం, అడ్డంగా చెక్క సీల. అంతే!

మా ఇల్లు అలాంటిదే. 77 నవంబరు ఉప్పెన రాత్రి ఇల్లంతా పడవలా మూలిగిందిరా అనేది నాన్నమ్మ. తెల్లారేసరికి సగం పెంకులు లేవు, దూలం మాత్రం అంగుళం కదల్లేదట. ఆ పెంకులు కూడా తాతయ్య ముచ్చటపడి వేయించినవే. నాటు పెంకు తీయించి మంగుళూరు పెంకు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెట్టిన పెంకుల ఫ్యాక్టరీతో మొదలైన మోజు అది, మా ఊరిదాకా వచ్చింది. కర్ర బర్మా టేకని తాతయ్య గొప్ప. "మీ తాత బర్మా ఎప్పుడెళ్ళాడు? గోదారి మీద తెప్పల్లో దిగిన కర్ర అది" అని నాన్నమ్మ. ఇద్దరూ పోయేదాకా తేలలేదు.

సరే, అసలు మంట హోటలోడి మీద కాదు. వాడు ప్లైవుడ్డు అమ్ముకుంటున్నాడు, వాడి వ్యాపారం.

ఇవాళ్టి విందు ఇచ్చింది మా బాబాయి. ఎలుకలు తిరుగుతున్నాయనీ, పిల్లలు అమెరికా నుంచొస్తే అటాచ్డ్ బాత్రూమ్ లేదనీ పన్నెండేళ్ళ కిందట ఇల్లు పడగొట్టించిన బాబాయి. నేను హైదరాబాదు నుంచి వచ్చేసరికి పాత కలప కొనే అడితివాడు టేపు పెట్టి దూలాలు కొలుస్తున్నాడు. ఎనిమిది స్తంభాలూ నడివీధిలో వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. మా అక్క ఎత్తు ఏటేటా గీసిన బొగ్గు గీతలు ఒకదాని మీద ఇంకా కనబడుతున్నాయి. "అదొక్కటీ ఉంచండి బాబాయ్" అన్నా. "ఎక్కడ పెడతావురా, నీ ఫ్లాట్లోనా?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నా వాటా కింద ఓ కవరు చేతిలో పెట్టారు.

ఆ పెద్దమనిషి ఇవాళ ఆ స్టిక్కరు స్తంభాన్ని కావలించుకుని ఫోటో దిగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. "మన లోగిలి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి" అంట. కింద ఇరవై మూడు దండాలు.

బాబాయ్, మీరిది చదువుతారని తెలుసు. అడితివాడు ఎనిమిదింటికీ ఎంతిచ్చాడో కూడా ఆ ఫోటో కిందే రాయండి.