బ్రెన్నస్ వారి తక్కెడకు

మహారాజశ్రీ తక్కెడ గారికి, ఉభయకుశలోపరి.

సంప్రదాయ లెక్కలో క్రీ.పూ. 390. రోమ్ నగరాన్ని తగలబెట్టిన గాల్ అనే తెగల సేనలు వెయ్యి పౌండ్ల బంగారం ఇస్తే వెళ్లిపోతామన్నాయి. తూచింది తమరే. రాళ్లలో మోసముందని రోమన్లు గొణిగితే గాల్ నాయకుడు బ్రెన్నస్ నడుమున ఉన్న కత్తి తీసి రాళ్ల పళ్లెంలో పడేశాడు, ఓడినవాళ్ల గతి ఇంతేనన్నాడు. తమరి ముల్లు వినయంగా కత్తి వైపు వాలింది. అవును మరి, తూచడం తమరి పని, న్యాయం తమరి శాఖ కాదు.

నా పేచీ కత్తితో కాదు, ఆ తర్వాత వచ్చిన మనిషితో.

రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన కథలో తూకం ఇంకా తెమలకముందే రోమన్ సేనాని కామిల్లస్ ప్రత్యక్షమవుతాడు. బంగారం తీయించి, దేశాన్ని ఇనుముతో దక్కించుకుందామంటాడు. గ్రీకు రచయిత ప్లూటార్క్ ఇంకో అడుగు వేసి, మీ తక్కెడ, మీ రాళ్లు పట్టుకుని వెళ్లండని కామిల్లస్ చేత గాల్‌లతో అనిపించాడు. ఇంతకీ ఈ కామిల్లస్ ఎవరు? పదేళ్ల ముట్టడిని ముగించి క్రీ.పూ. 396లో వేయీ నగరాన్ని గెలిచి, నాలుగు తెల్ల గుర్రాల రథంపై ఊరేగి, ఆ కొల్లసొమ్ము పంపకంలో తేడా చేశాడన్న నిందతో ఊరు విడిచిన పెద్దమనిషి. ఆయన ఇంట్లో వేయీ కంచు తలుపులు కనిపించాయని కూడా అన్నారు. తమరి నిజాయితీని నిలదీయడానికి వచ్చింది ఈయన!

సరే, బంగారం ఏమైంది? లివీ కంటే వందేళ్లకు పైగా ముందువాడైన గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్, గాల్‌ల సొంత నేల మీద వెనెటీలనే మరో జాతివాళ్లు పడ్డారని, అందుకే ఒప్పందం చేసుకుని కొల్లసొమ్ముతో క్షేమంగా ఇల్లు చేరారని రాశాడు. కామిల్లస్ ఊసే లేదు. భూగోళ రచయిత స్ట్రాబోను అడిగితే కైరే పట్టణంవాళ్లు దారిలో లాక్కున్నారంటాడు. చక్రవర్తుల చరిత్రలు రాసిన సుయెటోనియస్ పుస్తకంలో తిబేరియస్ చక్రవర్తి పూర్వీకుడు ద్రూసస్ ఎన్నో తరాల తర్వాత గాల్‌ల దేశం నుంచి తెచ్చాడని ఉంది. లివీతో కలిపితే ఒకే బంగారం మూడుసార్లు తిరిగొచ్చింది. వెయ్యి పౌండ్లు పోగొట్టుకుని మూడువేలు రాబట్టుకున్న బేరం తమరి అనుభవంలో ఇంకెక్కడైనా ఉందా?

నాకు అర్థమైనది ఇది. రోమన్ పెద్దలకు ఆ అవమానం మోయలేనంత బరువైంది. ఇటు పళ్లెంలోనూ ఏదో ఒకటి పడేయాలి. అయిదుసార్లు నియంత, రోమ్ స్థాపకుడి పేరు మీదుగా రెండో రోములస్ అని పేరున్న కామిల్లస్ దొరికాడు, పడేశారు. ముల్లు మళ్లీ నిటారుగా నిలిచింది. విద్య మాత్రం బ్రెన్నస్ దగ్గర నేర్చుకున్నదే.

చిన్న సందేహం. ఆ కత్తి బరువెంతో లివీ రాయలేదు. తమరికి గుర్తుంటే తెలపగలరు.

ఇట్లు,
ఇంటికొచ్చాక మళ్లీ తూచి చూసుకునే
ఒక కొనుగోలుదారు