మన గోడ, మన కన్నం

ఇంట్లో చల్లగానో వెచ్చగానో ఉండాలనుకోవడం కూడా అనుమానించదగ్గ పనైపోయింది. ఏసీ గానీ, చలికాలంలో బయటి వేడిని ఇంట్లోకి తోడే హీట్ పంప్ గానీ, గ్యాస్ మండించి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ గానీ బిగించాలంటే చాలాచోట్ల ముందు అక్కడి అధికారుల దగ్గర పర్మిట్ తీసుకోవాలట. పనయ్యాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడట. డబ్బు మనది, గోడ మనది, దానికి కొట్టే కన్నమూ మనదే. మధ్యలో ఈయనెవరు?

ఈ అన్యాయాన్ని ముందుగా గుర్తించినవాడు కాంట్రాక్టరే. "పర్మిటెందుకండీ, టైం వేస్టు" అంటాడు. గట్టిగా అడిగితే, "సరే, మీ పేరు మీద తీసుకోండి" అని పక్కకు తప్పుకుంటాడు. పని తను చేసి, దాని బాధ్యత మొత్తం ఇంటాయనకు అప్పగించడం! ఇంత నిస్వార్థం ఈ రోజుల్లో ఎక్కడుంది?

పైగా పర్మిట్ అంటే లోడ్ లెక్క, అంటే ఇంటికి ఎంత చల్లదనం, ఎంత వెచ్చదనం కావాలో తేల్చే లెక్క అడుగుతారు. గది ఎంత, కిటికీలెన్ని, ఎండ ఎటు నుంచి, పైకప్పు కింద ఇన్సులేషన్ ఉందా అని. ఇదంతా మన నిపుణుడి ప్రతిభకు అవమానం. ఆయన గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, "రెండు టన్నులు" అని తేల్చేస్తాడు. టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్) వేడిని బయటికి తోడే సామర్థ్యం. అవసరానికి మించినది పెడితే గది గబగబా చల్లబడి మెషిన్ ఆగిపోతుంది, తేమ మాత్రం గాల్లోనే ఉండిపోతుంది. చలీ జిడ్డూ రెండూ ఒకే బిల్లులో!

ఏసీ రాగి గొట్టాల్లో లీకులున్నాయేమోనని నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్ చేయాలని, తర్వాత వాక్యూమ్ పంపుతో గాలీ తేమా లాగేయాలని మరో చాదస్తం. కాస్త గ్యాస్ బుస్సుమని వదిలితే సరిపోయేదానికి పంపెందుకు? చాలా కొత్త ఏసీల్లో చల్లబరచడానికి నింపే ఆర్-32 కొద్దిగా మండే గ్యాసని భయపెడతారు. కొద్దిగానే కదా!

పర్మిట్ ఆఫీసువాళ్లూ తక్కువ తినలేదు లెండి. తనిఖీకి ఎప్పుడొస్తారంటే "పొద్దున్నుంచి సాయంత్రం లోపు" అంటారు. సెలవు పెట్టి కూర్చోవాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం నా కోపం నటన కాదు. అయితే పర్మిట్ లేకుండా కానిచ్చి తర్వాత దొరికిపోతే, మూసేసిన గోడ మళ్లీ తెరిచి వైరింగ్ చూపించమనొచ్చు. అప్పుడు కాంట్రాక్టర్ ఫోనెత్తడు. పాపం, ఇంకెవరి బాధ్యతో వాళ్లకు అప్పగిస్తూ బిజీగా ఉంటాడు.

ఇక ఫర్నేస్ పొగగొట్టం. అతుకులు సరిగ్గా ఉన్నాయా, పొగంతా బయటికే పోతోందా అని ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి మరీ వెతుకుతాడు. అది పోకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చట. రంగు లేదు, వాసన లేదు, రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దీనికి నా దగ్గర పరిష్కారం ఉంది. పర్మిట్ నిబంధన ఇంటివాళ్ల మీద ఎత్తేసి ఆ గ్యాస్ మీద పెట్టండి. పడగ్గదిలోకి వచ్చేముందు అదే ఫారం నింపి, ఫీజు కట్టి, ఇంటాయన సంతకం తీసుకోవాలి. ఆయన మేలుకుని ఉన్నప్పుడే.