వాటా అంటే ఏ కాగితం మీద?
పదివేలు పెట్టి ఆన్‌లైన్‌లోనే స్టార్టప్‌లో వాటాదారు కావచ్చని ఈ వ్యాసంలో రాశారు. బ్రిటన్‌లో అది నిజమే. 2016లో మోంజో అనే డిజిటల్ బ్యాంకు అక్కడి క్రౌడ్‌క్యూబ్ అనే ఆన్‌లైన్ పెట్టుబడి వేదిక ద్వారా 96 సెకన్లలో 10 లక్షల పౌండ్లు సేకరించింది. మన దగ్గర అలా కాదండీ. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఇలా ఆన్‌లైన్‌లో జనం నుంచి పెట్టుబడి సేకరించడంపై 2014లో చర్చాపత్రం తెచ్చింది, నిబంధనలు మాత్రం రాలేదు. పైగా 2016లో అనుమతి లేని వేదికలతో జాగ్రత్త అని హెచ్చరించింది. కంపెనీల చట్టం 42వ సెక్షన్ కింద ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌కు, అంటే ఎంపిక చేసిన కొద్దిమందికే షేర్లు అమ్మడానికి, ఏడాదికి 200 మంది పరిమితి ఉంది, బహిరంగ ప్రకటన ఇవ్వకూడదు.

అందుకే సోలార్ ప్లాంటులో వాటా అంటూ వాట్సాప్‌లో లింకు వస్తే ముందు ఒప్పందం చదవండి. మీ పేరు ఎక్కేది కంపెనీ షేర్‌హోల్డర్ల రిజిస్టర్‌లోనా, మధ్యలో పెట్టిన ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ)లోనా, లేక అది ఉత్త అప్పుపత్రమా? రేపు అమ్ముకుందామంటే కొనేవాళ్లెవరు? ఈ మాట ఎవరూ చెప్పరు. స్థిరాస్తికైతే 2024లో చిన్న రీట్‌లకు (అనేకమంది డబ్బుతో ఆస్తులు కొని అద్దె పంచే ట్రస్టులకు) సెబీ నిబంధనలు వచ్చాయి, కానీ కనీస పెట్టుబడే 10 లక్షలు. అంత లేనివాళ్లకే ఈ పదివేల ఎర వేస్తారని నా భయం. రిటైరైనవాళ్ల పీఎఫ్ డబ్బు ఇలా ఇరుక్కుంటే తిరిగి రాబట్టుకోవడం మాటలు కాదు. దయచేసి బ్రిటన్‌కూ మనకూ ఉన్న ఈ తేడా వ్యాసంలో చేర్చండి.