దైవజనుణ్ణి లెక్క అడిగితే శాపమా?

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది అదే మెసేజ్. "దైవజనుణ్ణి ప్రశ్నించినవారి గతి చూడండి" అని మొదలై, మిర్యాముకు కుష్ఠు, ఎలీషా ప్రవక్తను వెక్కిరించినవాళ్ల మీదికి ఎలుగుబంట్లు, దేవుడు అభిషేకించినవాడని సౌలు రాజును ముట్టని దావీదు అని చెప్పుకుంటూ పోయి, చివర్లో "సంఘం విడిచినవారితో సహవాసం వద్దు, వాళ్లింట భోజనం చేయొద్దు, పదిమందికి పంపండి" అంటుంది. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే, అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

ఎలుగుబంట్ల సంగతి వదిలేయండి. అది బట్టతల అని ఎగతాళి చేసినవాళ్ల కథ, లెక్క అడిగినవాళ్లది కాదు.

అభిషేకించినవారిని, అంటే దేవుడు ఏర్పరచుకున్నవారిని, ముట్టకూడదన్న మాట 105వ కీర్తనలోది. పైనుంచి చదవండి. అక్కడ అభిషిక్తులంటే సొంత నేల లేక దేశాలు తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కుటుంబం; ముట్టొద్దని దేవుడు గద్దించింది రాజులను. దిక్కులేనివాళ్లను కాపాడిన మాటను తెచ్చి, మైకు పట్టుకున్నాయనకు గొడుగు పడుతున్నారు. దావీదు సౌలును చంపలేదు, నిజమే, కానీ గుహలోంచి బయటికొచ్చి నన్నెందుకు తరుముతున్నావని నిలదీశాడు. ఆ దావీదే రాజై తప్పు చేస్తే నాతాను ప్రవక్త ముఖం మీదే "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అంతియొకయలో పేతురును పౌలు అందరి ముందే తప్పుపట్టాడు. ఆ పౌలు బోధనే బెరయ ఊరివాళ్లు లేఖనాలతో సరిచూసుకుంటే వాళ్లను ఘనులన్నారు. సంఘ పెద్దల మీద ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే ఫిర్యాదు తీసుకోమని, పాపం చేసినవాళ్లను అందరి ఎదుట గద్దించమని మొదటి తిమోతి 5లో ఉంది. అడగడమే పాపమైతే ఆ వచనాలు ఎందుకున్నట్టు?

ఇక ఆఖరి మాట. నాకు నిద్ర పట్టనిది దీనివల్లే. మా సంఘంలో ఒక అక్క, పదిహేనేళ్లు మందిరం ఊడ్చి చాపలు పరిచిన మనిషి, స్లాబు కోసం వసూలు చేసిన డబ్బుకు లెక్క అడిగింది. తర్వాతి ఆదివారం ఆమెకు బల్ల, అంటే ప్రభువు పేరున అందరం తీసుకునే రొట్టె, ద్రాక్షారసం, ఆపేశారు. రొట్టె పళ్లెం ఆమె దాకా వచ్చింది, ఆమె చెయ్యి చాపింది, పళ్లెం పక్కావిడకు వెళ్లిపోయింది. ఆ చేతిని ఆమె మెల్లగా కొంగు కిందికి లాక్కుంది. బయట చెప్పుల దగ్గర ఒక్కరూ వందనాలు చెప్పలేదు. చెప్పొద్దని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, ఒకరిని చూసి ఒకరు. నేనూ తల దించుకుని స్కూటీ తీశాను. రెండు నెలలకు వాళ్లాయనకు పక్షవాతం వస్తే "చూశారా, శాపం" అన్నారు. అంతకు ముందు ఏడాది మా నాన్నకూ పక్షవాతమే వచ్చింది. అప్పుడు దేవుడు పెట్టిన పరీక్ష అన్నారు. అదే జబ్బు మా ఇంట్లో పరీక్ష, వాళ్లింట్లో శాపం ఎలా అయింది?

1978 నవంబరు 18న గయానాలోని జోన్స్‌టౌన్‌లో జిమ్ జోన్స్ అనే మతనాయకుడు తన జనాన్ని విషం తాగమన్నప్పుడు క్రిస్టీన్ మిల్లర్ అనే ఆవిడ లేచి, పసిపిల్లలనైనా బతకనివ్వాలి కదా అంది. చుట్టూ ఉన్న జనమే అరిచి ఆమె నోరు మూయించారు, ఆ మాటలు టేపులో ఉన్నాయి. 900 మందికి పైగా పోయారు, వాళ్లలో దాదాపు 300 మంది పిల్లలు. మన సంఘం అలాంటిదని అనడం లేదు. కానీ ఆ అరిచినవాళ్లు కూడా మనలాంటి మామూలు మనుషులే.

ఒకటి ఒప్పుకుంటాను. నాన్న ఆసుపత్రిలో ఉన్న 22 రోజులూ క్యారియర్ తెచ్చింది ఈ సంఘమే, చుట్టాలు కాదు. పాస్టరు అయ్యగారు రెండు రాత్రులు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఆ ప్రేమ నిజం. అది ఎక్కడ పోతుందోనన్న భయంతోనే ఆ రోజు నా నోరు పెగల్లేదు.

మిర్యాము పేరు ఎత్తారు కాబట్టి సంఖ్యాకాండం 12 చివరిదాకా చదవండి. ఆమె బాగుపడాలని మొరపెట్టింది, ఆమె ఎవరికి విరోధంగా మాట్లాడిందో ఆ మోషేనే. ఆమె ఏడు రోజులు పాళెం బయట ఉంటే, తిరిగి చేరేదాకా జనమంతా కదలకుండా ఆమె కోసం ఆగారు. మన అక్క బయటే ఉండి ఎనిమిది నెలలైంది. ఈ ఆదివారం ఆరాధన అవగానే నేను వాళ్లింటికి వెళ్తున్నాను, భోజనం కూడా అక్కడే. ఆ మెసేజ్ పంపిన నలుగురికీ ఇల్లు తెలుసు.