తాళం వేసిన ఇంటికి కొత్త కోడళ్లు

ముందుచూపు లేనిదే వ్యాపారం లేదని బోధించే మేనేజ్‌మెంట్ పండితులు, 2011లో అమెరికన్ ఫుట్‌బాల్ యజమానులు సాధించిన ఘనకార్యాన్ని ఇంకా పాఠ్యాంశంగా పెట్టకపోవడం అన్యాయం. ఆటగాళ్లతో ఒప్పందం లేదు. ప్రాక్టీసు ప్రాంగణాలకు తాళాలు. ఎవరికి ఎంత జీతమో తెలీదు, అసలు ఆ ఏడు ఆట ఉంటుందో లేదో తెలీదు. అయినా ఏప్రిల్ 28న న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో దీపాలు వెలిగించి, కొత్త సూట్లలో వచ్చిన కుర్రాళ్లను పేరుపేరునా వేదికెక్కించి, మూడు రోజుల్లో 254 మందిని పంచేసుకున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను ఇంత ఖర్చుపెట్టి, ప్రత్యక్ష ప్రసారంతో సహా నిరూపించినవారు మరొకరు లేరు.

ఇది కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే ఫుట్‌బాల్. ఎన్ఎఫ్ఎల్ లీగులో 32 జట్లు. కాలేజీ కుర్రాళ్లను ఏటా డ్రాఫ్టులో పంచుకుంటాయి. ఐపీఎల్ వేలంలో ఆటగాడికి కనీసం రేటు పలుకుతుంది. ఇక్కడ అదీ లేదు. నిరుడు అందరికంటే చిత్తుగా ఓడిన జట్టు మొదట ఎంచుకుంటుంది. అలా వరసగా అన్ని జట్లకూ ఎంచుకునే వంతు వస్తే ఒక రౌండు. ఆ జట్టుకి వెళ్లడం నీకు ఇష్టమేనా నాయనా అని అడిగే ఆచారం లేదు.

గొడవంతా వాటాల గురించే. ఏడాదికి సుమారు 900 కోట్ల డాలర్ల ఆదాయం వస్తున్నా పాపం యజమానులకు గిట్టుబాటు కాలేదు. 2006 నాటి ఒప్పందం నుంచి ముందే బయటపడతామని 2008లోనే తీర్మానించుకున్నారు. 2011 మార్చి 11న ఆటగాళ్ల సంఘం, కోర్టుకెక్కడానికి వీలుగా, తాను ఇక సంఘమే కాదని ప్రకటించుకుంది. మర్నాడు యజమానులు లాకౌట్ చేశారు. ఒప్పందం పోయింది కానీ, అందులో ఒక్క ఏర్పాటుకి మాత్రం ఆయుష్షు మిగిలింది: 2011 డ్రాఫ్టు యథావిధిగా జరుగుతుంది. ఇల్లు మూసేసినా పెళ్లి ముహూర్తం మాత్రం మారలేదన్నమాట.

ఇక వ్యూహం సంగతి. మామూలు ఏడాదిలో మార్చిలోనే జట్లు కాంట్రాక్టు ముగిసిన సీనియర్లను కొనుక్కుంటాయి, ఇంకా ఏ లోటు మిగిలిందో చూసుకుని ఏప్రిల్లో డ్రాఫ్టుకొస్తాయి. 2011లో ఈ వరస తిరగబడింది. సీనియర్లను కొనడానికి లేదు, ఇచ్చిపుచ్చుకోవడానికీ లేదు. మార్చుకోగలిగింది డ్రాఫ్టులో వంతుల్ని మాత్రమే. అట్లాంటా జట్టు జూలియో జోన్స్ కోసం ఇరవయ్యేడో స్థానం నుంచి ఆరో స్థానానికి ఎగబాకడానికి క్లీవ్‌లాండ్‌కి ఏకంగా ఐదు వంతులు రాసిచ్చింది. వాటిలో రెండు మరుసటి ఏడాదివి. ఈ ఏడాది ఆటే లేకపోతే మరుసటి ఏడాది వరస ఎలా తేలుస్తారన్న చిల్లర ప్రశ్న ఎవరూ అడగలేదు.

అన్నిటికన్నా ఎక్కువ కంగారు క్వార్టర్‌బ్యాక్‌ల దగ్గర కనబడింది. బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాకే జట్టుకి మెదడు. ఫిలడెల్ఫియా దగ్గర కెవిన్ కోల్బ్ అనే అదనపు క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, అమ్ముతారని లోకమంతటికీ తెలుసు. కానీ లాకౌట్లో బేరం కుదరదు. దాంతో డ్రాఫ్టులో మొదటి 12 మందిలో నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లే అయ్యారు. ఎనిమిదో వంతులో టెనసీ జేక్ లాకర్‌ని, పన్నెండో వంతులో మినసోటా క్రిస్టియన్ పాండర్‌ని తీసుకున్నాయి. జులై 25న ఒప్పందం కుదిరిందో లేదో, టెనసీ పరుగున పోయి మ్యాట్ హసెల్‌బెక్‌ని, మినసోటా డొనోవన్ మెక్‌నాబ్‌ని తెచ్చుకున్నాయి. సీజన్ మొదలైంది ఈ పెద్దవాళ్లతోనే. లాకర్, పాండర్ ఆ తర్వాత కూడా ఎక్కడా నిలదొక్కుకోలేదు. అరిజోనా మాత్రం ఓపిక పట్టి ఐదో వంతులో పాట్రిక్ పీటర్సన్ అనే డిఫెన్సు కుర్రాణ్ణి తీసుకుంది, కోల్బ్‌ని జులైలో కొనుక్కుంది. చివరికి లాభించింది పీటర్సన్ బేరం. కోల్బ్ గురించి అరిజోనా అభిమానుల ముందు ఎత్తకపోవడమే మర్యాద.

రెండో వంతులో డెన్వర్ తీసుకున్న వాన్ మిల్లర్ విషయం మరీ ముచ్చట. లీగుపై కోర్టులో కేసు వేసిన పదిమంది ఆటగాళ్లలో అతనొకడు. తన ప్రతివాది అయిన లీగుకి కమిషనర్ రోజర్ గుడెల్. వేదిక మీద ఆయన్నే కావలించుకుని ఫొటో దిగాడు. హాల్లో అభిమానులేమో మాకు ఫుట్‌బాల్ కావాలంటూ గుడెల్ మీద అరిచి గోల పెట్టారు. మన దగ్గర భూ తగాదాల్లో ఇంత సంస్కారం చూశామా?

న్యాయవ్యవస్థ కూడా తన వంతు టెన్షన్ జోడించింది. ఏప్రిల్ 25న జడ్జి సూసన్ నెల్సన్ లాకౌట్ ఎత్తేయమన్నారు. 29వ తేదీ శుక్రవారం ఉదయం గేట్లు తెరిచారు. ముందురోజు రాత్రే ఎంపికైన కొత్త కుర్రాళ్లకు కొన్ని జట్లు తమ ఎత్తుగడలు రాసుకున్న ప్లేబుక్కులు హడావుడిగా చేతిలో పెట్టాయి. ఆ సాయంత్రానికే పైకోర్టు స్టే ఇచ్చింది, గేట్లు మళ్లీ మూతపడ్డాయి. గురువారం ఎంపికైనవాడికి పుస్తకం దొరికే యోగం ఉంది. రెండో రౌండు శుక్రవారం సాయంత్రం కాబట్టి అందులో ఎంపికైన ఆండీ డాల్టన్, కాలిన్ కెపర్నిక్‌లకు జట్టు టోపీ, ఆశీస్సులు. ఏ రౌండులోనూ పేరు రానివాళ్ల పరిస్థితి ఇంకా ఘనం. మామూలుగా డ్రాఫ్టు ముగిసిన నిమిషాల్లోనే వాళ్లకు ఫోన్లు మోగుతాయి. ఆ ఏడు జులై చివరిదాకా ఏ జట్టూ వాళ్లతో సంతకం చేయించకూడదు. డగ్ బాల్డ్‌విన్, క్రిస్ హారిస్ అలా నెలల తరబడి ఎదురుచూసినవాళ్లే. ఆ తర్వాత ఇద్దరూ లీగు ఫైనలైన సూపర్‌బౌల్ గెలిచిన జట్లలో ఆడారు.

అన్నాళ్లు కొట్టుకున్న రెండు పక్షాలూ ఏకాభిప్రాయానికి వచ్చిన అంశం ఒకటుంది: కొత్తవాళ్ల జీతం తగ్గించాలి. 2010లో మొదటి వంతులో వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు, అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో అదే స్థానంలో కరోలినాకి వెళ్లిన కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు 2.2 కోట్లు. మిగిలిన సొమ్ము సీనియర్లకు, రిటైరైనవాళ్లకు చేరుతుందని సంఘం చెప్పుకుంది. గిట్టనివాళ్లు దీన్ని అప్పటికింకా సభ్యత్వం కూడా లేని కుర్రాళ్ల జేబు కొట్టడం అనొచ్చు. నేను మాత్రం అనను. గదిలో లేనివాడి త్యాగం మీద కుదిరినంత సామరస్యంగా ఏ రాజీ కుదురుతుంది?

పైగా న్యూటన్ ఈ విధానానికి పెద్ద మద్దతుదారుగా తేలాడు. జులైకి ముందు జరగాల్సిన శిక్షణ లేకుండానే మొదటి మ్యాచ్‌లో 422 గజాలు, సీజన్లో 4,051 గజాలు విసిరి ఆనాటికి కొత్త కుర్రాళ్లలో రికార్డు కొట్టాడు. దీన్నిబట్టి కోచింగ్ అనేది దండగ ఖర్చని తేలుతోంది. అయినా యజమానులు కోచ్‌లను ఇంకా పోషిస్తున్నారంటే అది వాళ్ల దయాగుణం.

ఇప్పుడు అమల్లో ఉన్న ఒప్పందాన్ని 2020 మార్చిలో ఆటగాళ్లు 1,019 – 959 ఓట్లతో ఆమోదించారు. అది 2030 సీజన్‌తో ముగుస్తుంది. 2031 డ్రాఫ్టుకొచ్చే కుర్రాళ్లు ఇంకా బడిలోనే ఉన్నారు. వాళ్లు బంతి విసరడంతో పాటు ఇప్పట్నుంచే కాస్త కార్మిక చట్టం కూడా చదువుకుంటే మంచిది. వీలైతే మొదటి రౌండులోనే, గురువారం రాత్రే ఎంపికయ్యేలా చూసుకోవాలి.