పెంగ్విన్ పిల్లల ఆకలి తీరే దూరం

ఆఫ్రికా పెంగ్విన్ దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా గూడు కట్టదు. 1956లో వాటిని తొలిసారి సమగ్రంగా లెక్కించినప్పుడు 1.4 లక్షల జంటలున్నట్టు తేలింది. ఇప్పుడు 10 వేల జంటలు కూడా లేవు. 2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఈ పక్షిని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల సరసన చేర్చింది. అందుకే ఆరు ప్రధాన పెంగ్విన్ స్థావరాల చుట్టూ, వాటికి ప్రధాన ఆహారమైన సార్డైన్, ఆంకోవీ చేపల వాణిజ్య వేటను 10 ఏళ్లపాటు నిషేధిస్తూ 2025 మార్చిలో ప్రిటోరియా హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. బర్డ్‌లైఫ్ సౌతాఫ్రికా, సాంకాబ్ అనే పక్షి సంరక్షణ సంస్థలు ఒకవైపు, చేపల పరిశ్రమ ప్రతినిధులు మరోవైపు కూర్చొని కుదుర్చుకున్న అంగీకారాన్నే న్యాయస్థానం ఖరారు చేసింది కాబట్టి, దాన్ని నీరుగార్చే అవకాశం ఎవరికీ ఇవ్వరాదు.

ఈ నిషేధం ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే, పిల్లలున్న పెంగ్విన్ రోజు ఎలా గడుస్తుందో చూడాలి. రెండు గుడ్ల మీద దాదాపు 40 రోజులు తల్లీతండ్రీ వంతులవారీగా కూర్చుంటాయి. పిల్లలు బయటికొచ్చిన కొత్తలో ఒంటి వేడిని సొంతంగా నిలుపుకోలేవు, పైగా గల్ అనే సముద్రపు పక్షులు తన్నుకుపోయే ప్రమాదం ఉంటుంది. అందువల్ల మొదటి నెల రోజులూ ఒకటి గూటి దగ్గర కాపలా కాస్తే, రెండోది తెల్లవారుతూనే సముద్రంలో దిగి సాధారణంగా చీకటి పడేలోగా తిరిగి వస్తుంది. రాగానే పిల్ల దాని ముక్కును పదేపదే పొడుస్తుంది. పెద్ద పక్షి మెడ వంచి నోరు తెరిచి, సగం అరిగిన చేపను పిల్ల నోటికే అందిస్తుంది. ఆ రోజు వేట ఫలించకపోతే ఇద్దరు పిల్లల్లో బలమైనదానికే తిండి దక్కుతుంది. ఇలా కొనసాగితే రెండోది చిక్కి చనిపోతుంది.

సముద్రంలో ఈ పక్షి నేర్పు అసాధారణం. దాని ఎముకలు ఎగిరే పక్షుల ఎముకల్లా గుల్లగా ఉండవు. గట్టిగా, బరువుగా ఉండి నీటిలో మునగడానికి తోడ్పడతాయి. కండరాల్లోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ప్రాణవాయువును నిల్వ ఉంచుతుంది. చాలా మునకలు కొన్ని పదుల మీటర్ల లోతులో, నిమిషం అటూ ఇటూగా ముగుస్తాయి. అవసరమైతే అది 100 మీటర్లకు పైగా కూడా దిగగలదు. నాలుక మీద గొంతువైపు తిరిగి ఉన్న ముళ్ల వల్ల ఒకసారి చిక్కిన చేప జారిపోదు. పక్షుల ఒంటికి చిన్న కెమెరాలు అమర్చి చూసినప్పుడు, అవి గుంపుగా చేపల మందను చుట్టుముట్టి లోతు నుంచి పైకి తరుముతాయని, ఒంటరిగా వేటాడేటప్పటి కంటే అలాంటప్పుడు తక్కువ శ్రమతో ఎక్కువ చేపలు పట్టుకుంటాయని తేలింది. మంద పలచబడితే మాత్రం ఈ నేర్పు అక్కరకు రాదు.

అసలు చిక్కు దూరంతోనే. అదే తీరంలో బతికే కేప్ గ్యానెట్ ఎగరగల పక్షి గనుక చేపలు చాలా దూరంలో ఉన్నా వెళ్లగలదు. పెంగ్విన్ ఈదాలి. ఆకలిగొన్న పిల్ల గూటిలో ఎదురుచూస్తుండగా సాయంత్రానికి చేరుకోగలిగేది దాదాపు 20 నుంచి 40 కిలోమీటర్ల లోపలి నీళ్ల నుంచే. సరిగ్గా అక్కడే పర్స్ సీన్ పడవలు, అంటే మన తీరంలో రింగు వలలనే తరహా వలలు వేసేవి, మంద మొత్తాన్నీ ఒక్క చుట్టుతో లాగేస్తే ఆ రోజుకు పెంగ్విన్‌కు వేరే దారి లేదు.

ఇది కేవలం ఊహ కాదు. 2009లో దక్షిణాఫ్రికాలోని అల్గోవా అఖాతంలో ఉన్న సెయింట్ క్రోయిక్స్ దీవి చుట్టూ 20 కిలోమీటర్ల మేర ఈ వేటను ఆపితే, మూడు నెలలు తిరక్కుండానే అక్కడి పెంగ్విన్లు తిండి కోసం పడే శ్రమ సుమారు 30 శాతం తగ్గింది. ఇంత తెలిసీ, 2023లో ప్రభుత్వం గీసిన తాత్కాలిక వేట నిషేధ హద్దులు పక్షులు నిజంగా వేటాడే చోట్లను సరిగా కాపాడలేదని శాస్త్రవేత్తలు చెబుతూ వచ్చినా, వాటిని సరిదిద్దడానికి కోర్టు మెట్లెక్కాల్సి రావడం బాధాకరం.

పరిశ్రమ ఆందోళనను తేలిగ్గా తీసేయలేం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వలలు ఒడ్డునే ఉంచే మన తూర్పు తీర మత్స్యకారులకు వేట ఆగితే ఇల్లు గడవడం ఎంత కష్టమో తెలుసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కాలానికి భృతి ఇస్తున్నది అందుకే. అయితే దక్షిణాఫ్రికాలో మూసింది తీరమంతా కాదు, ఆరు స్థావరాల చుట్టుపక్కల నీళ్లు మాత్రమే. మిగతా సముద్రం పడవలకు తెరిచే ఉంది. నష్టపోయే చిన్న కార్మికులుంటే వారిని ఆదుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, పెంగ్విన్లది కాదు.

పిల్లలను సాకే కాలానికి గీసిన ఈ హద్దులు ఒక్కటే చాలవు. ఏటా ఒకసారి ఈకలన్నీ ఒకేసారి రాలి కొత్తవి మొలిచే సుమారు మూడు వారాలు పెద్ద పక్షులు నీటిలోకి దిగలేవు. ఆ ఉపవాసానికి ముందు అవి దూర ప్రాంతాలకు వెళ్లి కొవ్వు పెంచుకోవాలి. 2004 నుంచి 2011 వరకు పశ్చిమ తీరంలో సార్డైన్ నిల్వలు గరిష్ఠ స్థాయిలో నాలుగో వంతు కంటే తక్కువకు పడిపోయినప్పుడు 60 వేలకు పైగా పెంగ్విన్లు నశించాయన్నది పరిశోధకుల అంచనా. నిషేధ ప్రాంతాల్లోకి పడవలు చొరబడకుండా ఉపగ్రహ నిఘా పెట్టడంతోపాటు, నిల్వలు ఆ స్థాయికి దిగజారిన ఏడాది పశ్చిమ తీరంలో సార్డైన్ కోటాను, అంటే పట్టడానికి అనుమతించే పరిమాణాన్ని, బాగా కుదించే నిబంధనను దక్షిణాఫ్రికా ప్రభుత్వం వచ్చే కోటా ప్రకటనలోనే చేర్చాలి.