హాకర్ సెంటర్ టిష్యూ ప్యాకెట్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ టిష్యూ ప్యాకెట్ గారికి,

సింగపూర్‌లో మూడు రోజులు తిరిగిపోదామని వచ్చిన ఒక బ్యాక్‌ప్యాకర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమంగా ఉన్నారని నాకు తెలుసు. నిన్న మధ్యాహ్నం పన్నెండూ నలభై నుంచి ఒకటీ పది దాకా తమరిని చూస్తూనే నిలబడ్డాను కదా. తమరు హాకర్ సెంటర్లో, అంటే తిండి స్టాళ్లన్నీ ఒకే చోట ఉండే హాలులో, నాలుగు కుర్చీల బల్ల మీద, తిరుగుతున్న ఫ్యాన్ కింద, వెల్లకిలా పడుకుని ఉన్నారు. నేను వీపున తొమ్మిది కిలోల బ్యాగు, చేతిలో లక్సా అనే సేమ్యా పులుసు గిన్నెతో ఉన్నాను.

ఆ గిన్నె సంగతి తమరికి తెలియాలి. దానికోసం పాతిక నిమిషాలు క్యూలో నిలబడ్డాను. ఐదున్నర డాలర్లు. మన డబ్బుల్లోకి మార్చి చూసుకోకూడదని విమానం ఎక్కేముందే ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకున్నా మార్చాను. కొబ్బరిపాల పులుసు, పైన ఎర్రటి నూనె తెట్టు, పులుసు పీల్చుకుని బరువెక్కిన టోఫు ముక్కలు, అంచున ఒక చెంచా సంబల్ కారం. స్టాల్ ఆంటీ గిన్నె ట్రేలో పెట్టేసరికి ఆవిరికి నా కళ్లజోడు మసకబారింది. ఆ మసకలోంచి చూస్తే హాలునిండా ఖాళీ కుర్చీలే. ఆహా, అదృష్టం అనుకున్నాను. కళ్లజోడు తేటపడ్డాక తమరు కనిపించారు.

ఒక బల్ల మీద తమరు, పక్క బల్ల మీద తమరి అన్నగారు, ఆ పక్కన ఒక మడత గొడుగు, దాని పక్కన ఎవరిదో ఆఫీసు ఐడీ కార్డు. అందులోని ఫొటో నన్నే చూస్తోంది. మనుషులందరూ క్యూల్లో ఉన్నారు, వస్తువులన్నీ కూర్చుని ఉన్నాయి.

తమరి బల్ల పక్కనుంచి తిరుగుతుంటే నా బ్యాగు తగిలి తమరు కింద పడ్డారు. అప్పుడు నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. ట్రే బల్ల అంచున ఆనించి, వంగి, తమరిని ఎత్తి, దుమ్ము దులిపి, ఎక్కడున్నారో అక్కడే పెట్టాను. కాస్త వంకరగా అనిపిస్తే సరిచేశాను కూడా. పైగా 'సారీ' అన్నాను. కాగితానికి. ఆ తర్వాత మళ్లీ ట్రే ఎత్తుకుని నిలబడ్డాను.

పక్క బల్ల దగ్గరున్న ఒక చైనీస్ అంకుల్ నా అవస్థ చూసి, 'చోప్ ఆల్రెడీ లా' అన్నాడు. చోప్ అంటే తమరిలాంటి వస్తువొకటి బల్ల మీద పెట్టి చోటు పట్టేసుకోవడమట. ఆ మాట మలయ్‌లో ముద్ర అనే అర్థమున్న 'చాప్' నుంచి వచ్చిందనీ, దానికి మూలం మన హిందీ 'ఛాప్' అనీ చెబుతారు. ఛాపాఖానాలో ఉండే ఛాపా. అంటే మనవైపు నుంచి వెళ్లిన ముద్రే సముద్రం దాటి, నా భోజనం మీద పడిందన్నమాట.

అయ్యా, నాకు ఈ విద్య తెలియక కాదు. నేను కర్చీఫ్ వేసే జాతివాణ్ణి. సినిమా హక్కులు మాట్లాడుకున్నా, పెళ్లిసంబంధం అడిగి పెట్టుకున్నా 'కర్చీఫ్ వేశారు' అనే అంటాం. రాజమండ్రి కాంప్లెక్స్‌లో సంక్రాంతి ముందురోజు, బస్సు ఇంకా ఆగకముందే దాని వెంట పరిగెత్తి, కిటికీలోంచి నాన్న తువ్వాలు విసిరి మూడు సీట్లు పట్టినప్పుడు నాకు పన్నెండేళ్లు. కానీ మా తువ్వాలుకి ఒక రాజ్యాంగం ఉంది. వేసినవాడు ఎక్కేలోపు ఇంకొకడు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, 'ఎవరిదండీ ఇది' అంటాడు. 'నాదే, కనబడట్లా?' 'తువ్వాలేస్తే సీటు నీదైపోద్దా?' అక్కణ్ణుంచి తాతల దాకా వెళుతుంది. చివరికి కండక్టరొచ్చి ఇద్దర్నీ తిట్టి, అక్కడ ఒక ముసలావిడని కూర్చోబెడతాడు. తీర్పు ఎలాంటిదైనా విచారణంటూ జరుగుతుంది. తమరి దగ్గర విచారణే లేదు. తమరిని ఎత్తి 'ఎవరిది' అని అడిగినవాడు ఆ హాలులో ఒక్కడూ లేడు. ట్రేలు పట్టుకుని తిరుగుతున్నవాళ్లలో చైనీయులున్నారు, హిజాబ్ కట్టుకున్న మలయ్ అమ్మాయిలున్నారు, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని తమిళం మాట్లాడుతున్న ఒకాయన ఉన్నాడు, నిక్కర్లేసుకున్న తెల్లవాళ్లున్నారు. ఈ దేశానికి నాలుగు అధికార భాషలట: ఇంగ్లిష్, మలయ్, మాండరిన్, తమిళం. నాలుగూ రానివాడికి కూడా తమరు చెప్పింది అర్థమైపోతోంది.

సరే, ఇంతవరకూ ఓపిగ్గానే రాశాను. ఒకటీ పదికి తమరి యజమాని వచ్చాడు. మెడలో ఆఫీసు కార్డు తాడు, చేతిలో ఒక ట్రే. ఒకే ట్రే. వెనకాల ఇంకెవరైనా వస్తారేమోనని చూశాను. ఎవరూ రాలేదు. నాలుగింట్లో ఒక కుర్చీలో కూర్చున్నాడు. తమరిని తీసి జేబులో పెట్టుకున్నాడు. మూతి కూడా తుడుచుకోలేదు. నన్ను చూసి, పాపం చాలా మర్యాదగా, 'ఇక్కడెవరూ లేరు, కూర్చోండి' అన్నాడు.

ఎవరూ లేరట! అంటే నువ్వు పట్టింది ఒక్క కుర్చీ. మిగతా మూడూ మొదటినుంచీ ఖాళీయే. నేను అరగంట కాపలా కాసింది ఖాళీ కుర్చీలకి. ఆ సంగతి నువ్వు చెప్పవు, నీకు నోరు లేదు. నేను అడగలేదు, నాకు నోరుండీ. కూర్చుని చూస్తే సేమ్యా ఉబ్బి పులుసంతా తాగేసింది. పైన నూనె గిన్నె అంచుకి అంటుకుంది. ఆ అబ్బాయి పక్కనే కూర్చుని, ముద్దయిపోయిన దాన్ని చాప్‌స్టిక్స్‌తో కోసుకుని తిన్నాను.

అసలు నీకెవరిచ్చారీ అధికారం? ఈ ఊళ్లో ప్రతిదానికీ రాసిపెట్టిన రూలుంది. చూయింగ్ గమ్ దిగుమతిని 1992లోనే ఆపేశారు. మెట్రోలో గుక్కెడు నీళ్లు తాగినా నేరమే, 500 డాలర్ల ఫైన్ అని బొమ్మేసి మరీ పెట్టారు. (పక్కనే దురియన్ పండు బొమ్మ మీదా అడ్డగీత ఉంది కానీ ఫైన్ ఎంతో రాయలేదు. వాసనే చూసుకుంటుందని వదిలేశారు కాబోలు.) తిన్న ట్రే బల్ల మీద వదిలేసిపోతే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 300 డాలర్లు. 2021 సెప్టెంబరు నుంచి అమలు. దాన్ని వెనక్కిచ్చే చోట కూడా హలాల్‌వి వేరు, మిగతావి వేరు. ఇంత పద్ధతిగల ఊళ్లో నీ గురించి ఒక్క బోర్డు చూపించు! చట్టం లేదు, బొమ్మ లేదు, ఫైన్ లేదు. గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేదానివి. అందరూ గీత దాటకుండా పాటించేది నిన్నే.

రోడ్ల మీద అమ్ముకునేవాళ్లని 1970లలో, 80లలో తీసుకొచ్చి, కుళాయిలూ కాలువలూ ఉన్న ఈ హాళ్లలో కూర్చోబెట్టారు. మంచి పని. 2020లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. అదీ మంచిదే. ఆ సంతకాలు పెట్టినవాళ్లలో ఒక్కరైనా ఆఫీసులు లంచ్‌కి వదిలే వేళకి ట్రే పట్టుకుని వచ్చారా అని నా అనుమానం.

మిగతా ఊరి మీద నాకు పెద్దగా ఫిర్యాదుల్లేవు. హాస్టల్లో నా పై బంకువాడు గుర్రు పెట్టాడు, అది అంతర్జాతీయ సమస్య. మెర్లయన్‌ని, అదే సింహం తల, చేప ఒళ్లు ఉన్న బొమ్మని చూశాను. నోట్లోంచి నీళ్లు పోస్తోంది, సరే. నిన్న పొద్దున సౌత్ బ్రిడ్జి రోడ్డులో నడిస్తే జామే మసీదు, దాని పక్కనే 1827 నాటి మారియమ్మన్ గుడి, ఇంకాస్త ముందుకెళితే బుద్ధుడి దంతాలయం. దేవుళ్లంతా ఒకే వీధిలో సర్దుకున్నారు. నువ్వే అరడుగు జరగలేదు.

తిన్నాక చెయ్యి తుడుచుకుందామంటే ఆ హాలులో ఎక్కడా కాగితం ముక్క లేదు. ఎవరి టిష్యూ వాళ్లే తెచ్చుకోవాలట. సంబల్ వేళ్లతో బయటికొస్తే, గుమ్మం దగ్గర చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ ఒళ్లో బుట్ట పెట్టుకుని కూర్చుంది. బుట్టనిండా నువ్వే. మూడు ప్యాకెట్లు రెండు డాలర్లు. నేను చెయ్యి చాచేలోపే నా వేళ్లు చూసి, ఒక ప్యాకెట్ తనే చింపి, ఒక కాగితం లాగి చేతిలో పెట్టింది. మెత్తగా ఉన్నావు. ఒప్పుకుంటాను. వేళ్లకున్న ఎరుపు పోయింది, సంబల్ మంట పోలేదు.

ఇవాళ మళ్లీ అదే హాలుకి వెళ్లాను. ఫ్యాన్ కింద నాలుగు కుర్చీల బల్ల ఖాళీగా ఉంది. జేబులోంచి నిన్ను తీసి మధ్యలో పెట్టాను. కాస్త వంకరగా అనిపిస్తే సరిచేశాను. వెళ్లి చికెన్ రైస్ క్యూలో నిలబడ్డాను. వెనక తెలుగు వినిపించింది. భార్య, భర్త, ఏడెనిమిదేళ్ల పిల్లాడు. రెండు ట్రేలు. పిల్లాడు నా బల్ల దగ్గరికి పరిగెత్తి, 'నాన్నా, ఖాళీ!' అని నిన్ను చేతిలోకి తీసుకున్నాడు.

'ముట్టుకోకురా, ఎవరిదో' అన్నాడు తండ్రి. ట్రే ఒక చేత్తో పట్టుకుని, వాడి చేతిలోంచి నిన్ను తీసి, ఎక్కడున్నావో అక్కడే పెట్టాడు. కొంచెం సర్దాడు కూడా. ముగ్గురూ స్తంభం పక్కకెళ్లి నిలబడ్డారు. ఆవిడ ట్రేలో ఉన్నది లక్సా.

నాకు కావలసింది ఒక్క కుర్చీ. వెనక్కి తిరిగి, 'మూడు ఖాళీయేనండీ, కూర్చోండి' అని తెలుగులో ఒక్క కేక వేస్తే సరిపోయేది. క్యూలో నా ముందు ఇంకా ఆరుగురున్నారు. నేను మెనూ బోర్డు చదువుకుంటూ నిలబడ్డాను.

ఇట్లు,
తమరి యజమాని